రచయితకు సోషల్ మీడియా – మూడో పాఠం: పుస్తకంలోంచి ఒక ముక్క కోయడం

పేజీ తెరవడం, పరిచయం రాసుకోవడం మొదటి రెండు పాఠాల్లో అయిపోయాయి. ఇక అందులో ఏం పెట్టాలి? అమలాపురం నుంచి భీమవరం దాకా, కొత్తగా పుస్తకం వేసినవాళ్ళ ఫేస్‌బుక్ గోడలు చూడండి. ముఖచిత్రం, ఆవిష్కరణ సభలో శాలువా, పేపర్లో వచ్చిన సమీక్ష క్లిప్పింగు. వీటికి అభినందనలు బోలెడు వస్తాయి, ఆర్డర్లు రావు. శాలువా చూసి ఎవరూ పుస్తకం కొనరు. లోపలి వచనం కాస్త చదివితే కొంటారు. అందుకని ఈ పాఠంలో ఒకటే పని: అచ్చయిన పుస్తకంలోంచి 150 నుంచి 200 మాటల ముక్క తీసి, ఫోన్లో చదివించడం.

ముందు ఫైలు సంగతి చూద్దాం. పుస్తకాన్ని కంప్యూటర్లో కూర్చిన డీటీపీ ఆయన ఇచ్చిన పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైలు చాలావరకు అను ఫాంట్లలో ఉంటుంది. అందులోంచి కాపీ చేసి ఫేస్‌బుక్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అను ఫాంటులో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీద కూర్చున్న బొమ్మలు. ఆ ఫాంటు లేనిచోట అడుగున ఉన్న కోడ్ బయటపడుతుంది. ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనపడే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అను 6కీ అను 7కీ కోడ్‌లు వేరు కాబట్టి ఏ వెర్షన్ వాడారో డీటీపీ ఆయన్ని అడిగి అదే ఎంచుకోండి. మార్చాక ఒత్తులు, కొటేషన్ గుర్తులు, అంకెలు ఒకటికి రెండుసార్లు సరిచూడండి, తేడా వచ్చేది అక్కడే. పేజ్‌మేకర్ వరసల చివర ఉన్న విరుపులు కూడా తీసేయాలి, లేకపోతే ఫోన్లో వాక్యం సగంలో కిందికి దూకుతుంది. ఇంత తంటా ఎందుకనుకుంటే రెండు వందల మాటలు ఫోన్లో నోటితో చెప్పి టైపు చేయించుకోవచ్చు. కాకపోతే ‘వత్తన్నాడు’ అని మీరంటే ఫోను ‘వస్తున్నాడు’ అని దిద్దేయవచ్చు. సంభాషణల్లో యాస ఉంటే చేత్తోనే కొట్టండి.

ఇక ఏ ముక్క? కథ మొదటి పేరా మాత్రం సాధారణంగా వద్దు. మనవాళ్ళ కథలు చాలా వాటిలో మొదటి పేరా కొబ్బరిచెట్లకీ కాలవగట్టుకీ పోతుంది. కోనసీమ ఫొటోలు జనం రోజూ చూస్తూనే ఉన్నారు. మూడో పేజీకో నాలుగో పేజీకో వెళ్ళి, ఒక మనిషి ఏదో పని చేస్తూ ఇరుక్కున్న చోటు వెతకండి. దాళ్వాలో (రెండో పంట కాలంలో) వంతు నీళ్ళ కోసం రాత్రి తూము దగ్గర తగువు, కొబ్బరి దింపుకి వచ్చినవాడితో కూలి బేరం, నరసాపురం వైపు లేసు అల్లే ఆవిడ ఏజెంటు దగ్గర లెక్క చూసుకోవడం లాంటివి. ముక్కలో పేర్లు రెండుకి మించితే పాఠకుడు తికమకపడతాడు. ‘ఇంతకుముందు ఏం జరిగిందంటే’ అని చెప్పుకోవాల్సి వచ్చే ముక్కను పక్కన పెట్టేయండి. తగువు తేలకముందే ఆపేయాలి. తేలిపోయాక పుస్తకం తెరవాల్సిన అవసరం పాఠకుడికి ఉండదు.

ఫోన్లో నాలుగైదు వరసలు కనపడ్డాక ‘సీ మోర్’ వస్తుంది. ఆ వరసల్ని ‘మిత్రులకు నమస్కారం, నా కథల సంపుటి నుంచి ఒక భాగం మీ కోసం’ అన్న మాటలతో నింపేస్తే, కథ మొదలయ్యేలోపే వేలు కిందికి జరిగిపోతుంది. నేరుగా ఇలా మొదలుపెట్టండి: ‘వరదొస్తందని మైకులో చెప్పగానే మా అత్త ముందు కోళ్ళని అటకెక్కించింది. పిల్లల సంగతి తర్వాత చూద్దామంది.’ పైన పేర్ల వరస ఒక్కటి ఉంచి, నమస్కారాలు, పుస్తకం వివరాలు మిగతావన్నీ చివరికి.

బొమ్మగా కూడా పెట్టాలంటే 1080 బై 1350 పిక్సెళ్ళ సైజు తీసుకోండి. అందులో నలభై యాభై మాటలు చాలు. తెలుగుకి కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకన్నా ఎక్కువ కావాలి. ఒక వరస ఒత్తు కింది వరస గుడికి తగిలిందంటే చదవడం మానేస్తారు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి వచనానికి బాగుంటుంది, రామభద్ర శీర్షికకి. బొమ్మ పెట్టినా అదే వచనాన్ని కింద టైపు చేయండి. బొమ్మలోని అక్షరాలు వెతికితే దొరకవు, చూపు లేనివారికి ఫోను చదివి వినిపించడమూ కష్టం.

మీ పేరు వేసుకునే విషయంలో మొహమాటపడకండి. మంచి ముక్క రెండు రోజుల్లో టెన్త్ బ్యాచ్ గ్రూపులకి, అక్కణ్ణుంచి చుట్టాల గ్రూపులకి వెళ్ళిపోతుంది. మూడో గ్రూపుకి వచ్చేసరికి అడుగున ఉన్న పేరు ఊడిపోయి ‘సేకరణ’ అని చేరుతుంది. అందుకే పేరూ పుస్తకం పేరూ చివర ఒకసారి, పైన కథ పేరు పక్కన ఇంకోసారి రాయండి. బొమ్మలోనైతే మూలన పెడితే కత్తిరించేస్తారు, వచనం మధ్యలో లేతగా ఉంచండి.

ఒక హెచ్చరిక. ఇంకా అచ్చు కాని కథల జోలికి వెళ్ళకండి. కథల పోటీల నిబంధనల్లో ‘సోషల్ మీడియాతో సహా ఎక్కడా ప్రచురితమై ఉండకూడదు’ అన్న వాక్యం తరచూ ఉంటుంది. నాలుగు పేరాలు పెట్టినా అభ్యంతరం రావచ్చు.

వేళ గురించి: మన ఊళ్ళ పాఠకుల్లో చాలామంది ఊళ్ళో లేరు. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అయితే కువైట్‌లో ఏడు, దుబాయ్‌లో ఎనిమిది. డ్యూటీ దిగి ఫోను తీసే సమయం. అమెరికా తూర్పు తీరానికైతే మన ఉదయం ఏడు మేలు, అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో అవుతుంది. వారానికి రెండు ముక్కలు చాలు, ఒకటి రాత్రి, ఒకటి పొద్దున. ముందే షెడ్యూల్ చేసి పెట్టుకునేవారు వరదల కాలంలో కాస్త కనిపెట్టుకుని ఉండండి. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది ఎగరేశారంటే లంకల్లో (గోదావరి మధ్య దిబ్బల మీది ఊళ్ళలో) జనం సామాన్లు సర్దుతుంటారు. ఆ రాత్రి మీ కోళ్ళ అటక హాస్యం తనంతట తాను పోస్టయితే తిట్లు తప్పవు.

పెట్టాక మొదటి గంట ఫోను దగ్గర ఉండండి. యాభై మందిని ట్యాగ్ చేయడం మాత్రం వద్దు, దానివల్ల మిమ్మల్ని మ్యూట్ చేస్తారు. ప్రతి వ్యాఖ్యకీ ‘ధన్యవాదాలండి’ అని అతికించే బదులు, ‘మీది ఏ లంకండి?’ అని అడగండి, రెండో మాట వస్తుంది.

కొనే దారి మొదటి కామెంట్‌లో ఉంచండి: వెల, పోస్టు ఖర్చుతో కలిపి ఒకటే అంకె, వాట్సాప్ నంబరు. ఇంట్లో వాడే ఫోను నంబరు కాకుండా వేరే సిమ్ మీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంటే, క్విక్ రిప్లైలో పేరు, ఇంటి నంబరు, ఊరు, మండలం, పిన్‌కోడ్, ఫోను అడిగే సందేశం ఒకసారి రాసి దాచుకోవచ్చు. మండలం, పిన్ లేని చిరునామాకి పుస్తకం పంపకండి, రామాలయం వీధి ప్రతి ఊళ్ళోనూ ఉంది. డబ్బు కట్టినట్టు స్క్రీన్‌షాట్ వస్తే దాన్ని నమ్మకుండా బ్యాంకు ఖాతా చూసుకున్నాకే కవరు అంటించండి. కొన్నవాళ్ళ నంబర్లని వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో (ఒకే సందేశం అందరికీ విడివిడిగా వెళ్ళే జాబితాలో) చేర్చేటప్పుడు వాళ్ళనీ మీ నంబరు సేవ్ చేసుకోమనండి. చేసుకోకపోతే సందేశం వాళ్ళకి చేరదు. ఒక లిస్టులో 256 మందే పడతారు.

ఈ వారం అభ్యాసం: మీ పుస్తకంలోంచి మూడు ముక్కలు ఎంచండి. ఒక్కోదాన్నీ కథ తెలియని ముగ్గురికి ఫోన్లో చూపించి, ‘సీ మోర్’ నొక్కారో లేదో గమనించండి. మీరేమీ చెప్పకూడదు. ముగ్గురిలో ఇద్దరు నొక్కకపోతే మొదటి వాక్యం మార్చండి, లేదా ముక్కే మార్చండి. మిగిలినవాటిని శుక్రవారం రాత్రి ఒకటి, ఆదివారం పొద్దున ఒకటి పెట్టండి. వచ్చే పాఠం: ఇదే ముక్కను మీ గొంతుతో నిమిషంన్నర రీలుగా చదవడం, ఇంట్లో ఫ్యాను చప్పుడు లేకుండా రికార్డు చేయడం.