కోడిపిల్లల్ని దించే ముందు దాణా జాగ్రత్తలు

పిల్లల్ని తెచ్చేది సంతరోజైనా దాణా మాత్రం రెండురోజుల ముందే చూసి పెట్టుకోండి. మన అనంతపురం ఎండలకి రేకుల షెడ్డులో పెట్టిన బస్తాలో విటమిన్లు నిలవవు, అందుకే తయారీ తేదీ చూసి నెలలో అయిపోయేంతే తెచ్చుకోండి, నీడలో చెక్క మీద పెట్టండి, ముక్కిపోయిన వాసనొస్తే పారేయండి.

చిన్న పిల్లలకని చేసే చిక్ స్టార్టర్ దాణానే కొనండి. గుడ్లు పెట్టే కోళ్లకిచ్చే లేయర్ దాణా వద్దు, అందులో కాల్షియం ఎక్కువ, పిల్లల కిడ్నీలు చెడిపోతాయి.

ఒట్టి జొన్నలు, నూకలతో మాత్రం పెంచొద్దు. పోయినసారి మేం అదే చేసినాం, రెండో వారంలో ఒక పిల్లకి కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోయి మడమల మీదే దేక్కుంటా దాణా గిన్నె దగ్గరికి వస్తావుంటే కడుపు తరుక్కుపోయింది. అది విటమిన్ బి2 లోపం. మొదట్లోనే కనిపెట్టి నీళ్లలో బి కాంప్లెక్స్ ఇస్తే లేస్తాయి, ఆలస్యమైతే నరాలు దెబ్బతిని ఇంక లేవవు.

విటమిన్ ఎ కోసం మునగాకు సన్నగా తరిగి కొంచెం వేయండి. డి3కి పొద్దుటెండ నేరుగా తగలాల, అద్దం అడ్డముంటే లాభం లేదు.

విటమిన్ నీళ్లు ఏరోజువి ఆరోజే కలపండి.

ఇంకోటి, రక్త విరేచనాలకి ఆంప్రోలియం ఇచ్చేటప్పుడు బి1 ఉండే టానిక్ కలపొద్దు, మందు పనిచెయ్యదు.