వెండి కాయిన్ మీద మచ్చ, గీత, సొట్ట: ఏది మింట్‌లో వచ్చింది, ఏది చేతుల్లో వచ్చింది, గ్రేడ్ ఎలా చూడాలి

మొన్న మా బావమరిది డాలస్ నుంచి ఫోన్ చేసి "బావా, ట్యూబ్ విప్పితే 25 మేపుల్ లీఫ్ వెండి కాయిన్లలో నాలుగింటి మీద తెల్ల మచ్చలున్నాయి, పెరుగు చుక్క పడి ఎండిపోయినట్టు, ఇవి డూప్లికేటా?" అని ఒకటే కంగారు. డూప్లికేట్ కాదు, వాటిని మిల్క్ స్పాట్స్ అంటారు, పాల మచ్చలనుకోండి. ఆ రోజు వాడికి గంట సేపు చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే మనవాళ్ళు చాలామంది ఇప్పుడు అమెరికాలో, కెనడాలో ఈ కాయిన్లు కొంటున్నారు కానీ చేతికొచ్చాక ఏం చూడాలో ఎవరూ చెప్పట్లేదు.

బులియన్ కాయిన్ అంటే బరువు కోసం కొట్టే కాయిన్. అమెరికన్ సిల్వర్ ఈగల్ 1986 నుంచి, కెనడా మేపుల్ లీఫ్ 1988 నుంచి, ఆస్ట్రియా వాళ్ళ ఫిల్హార్మోనిక్ 2008 నుంచి వస్తున్నాయి, అన్నీ ఒక ట్రాయ్ ఔన్స్, అంటే 31.1 గ్రాములు, పది గ్రాముల తులం లెక్కన మూడు తులాల పైచిలుకు. మిషన్ గబగబా ముద్ర గుద్దేస్తుంది, అవి ఒకదానికొకటి తగులుతూనే ట్యూబుల్లోకి వెళ్తాయి, ఈగల్ అయితే ట్యూబుకి 20, మేపుల్ అయితే 25, పెద్ద డబ్బాలో 500. ప్రూఫ్ కాయిన్ సంగతి వేరు, దానికి ముద్ర పడని బిళ్ళని, డైని, అంటే ముద్ర వేసే అచ్చుని, మెరుగు పెట్టి ఒక్కోటీ జాగ్రత్తగా చేస్తారు. కాబట్టి అమ్మేవాడు "బ్రిలియంట్ అన్‌సర్క్యులేటెడ్" అని రాశాడంటే జనం చేతులు మారలేదని మాత్రమే అర్థం, గీత లేదని కాదు. ఈ ఒక్క మాట తెలియక గొడవ పడేవాళ్ళు ఎంతమందో.

ఇక చూడటం ఎలా అంటే, ట్యూబ్ లైట్ కింద గానీ పగటి వెలుగులో గానీ చూస్తే ఏ కాయినైనా బాగానే కనిపిస్తుంది, వెలుగు అన్ని వైపుల నుంచీ పడి సన్న గీతల్ని మింగేస్తుంది. గదిలో మిగతా లైట్లు ఆర్పేసి ఒక్క టేబుల్ ల్యాంప్, పాతకాలం బల్బు దొరికితే ఇంకా మంచిది, వేసుకోండి. కింద మెత్తటి గుడ్డ పరచండి, జారితే సొట్ట పడకుండా. కాయిన్‌ని అంచులతోనే పట్టుకోవాలి, బొటనవేలు బొమ్మ మీద పడిందంటే ఆ ముద్ర వారంలో కనపడకపోయినా ఏడాదికి గోధుమ రంగులో తేలుతుంది. ముందు వట్టి కంటితో బొమ్మా బొరుసూ చూసి, మెల్లగా వాలుస్తూ వెలుగుని కాయిన్ మీద పాకనిచ్చి, ఆ తర్వాతే భూతద్దం పట్టండి. కంసాలి కంటికి పెట్టుకునే పది రెట్ల లూప్‌తో చూస్తే ప్రతి కాయినూ చెడ్డదే అనిపిస్తుంది, ఐదు రెట్లది చాలు, గ్రేడింగ్, అంటే కాయిన్ ఎంత బాగుందో నంబర్ ఇవ్వడం, ఆ లెక్క కూడా ఐదు రెట్లకే.

ఇప్పుడు అసలు పాయింట్, నన్నడిగితే మొత్తం విద్యలో సగం ఇదే. గీత కనపడగానే అది ఉబ్బిన గీతా, దిగిన గీతా చూడాలి. మింట్‌లో, అంటే కాయిన్లు కొట్టే టంకశాలలో, డైని అప్పుడప్పుడు పాలిష్ చేస్తారు, ఆ పాలిష్ డైలో సన్న గాట్లు చేస్తుంది, ముద్ర పడ్డప్పుడు వెండి ఆ గాట్లలోకి దూరి కాయిన్ మీద ఉబ్బిన గీతలుగా వస్తుంది. కాయిన్ మీద బొమ్మ ఎత్తుగా ఉన్న చోట డైలో గుంట ఉంటుంది, పాలిష్ ఆ గుంటలోకి దిగదు, చుట్టూ ఉన్న చదునుకే తగులుతుంది. అందుకే డై పాలిష్ గీత ఖాళీ జాగాలో పరుగెత్తుకొచ్చి అక్షరం అంచు దగ్గర, ఆకు అంచు దగ్గర ఠక్కున ఆగిపోతుంది, అక్షరం అవతల పక్క మళ్ళీ మొదలవుతుంది. తుడవడం వల్ల పడ్డ హెయిర్‌లైన్ అలా కాదు, వెండిలోకి దిగి ఉంటుంది, ఖాళీ జాగా అనదు బొమ్మ అనదు, అక్షరం మీదుగా కూడా ఎక్కి దిగుతుంది. ఒక మేపుల్ లీఫ్ తీసుకుని ఆకు పక్కన పది నిమిషాలు వాల్చి వాల్చి చూడండి, ఈ తేడా ఒక్కసారి కంటికి పట్టిందంటే ఇక మర్చిపోలేరు. అయితే 2014 నుంచి మేపుల్ మీద కిరణాల్లా సన్న గీతలు కావాలనే పెడుతున్నారు, దొంగ కాయిన్లు పట్టుకోడానికి, వాటిని చూసి గీతలు పడ్డాయనుకోకండి. వాటి వల్ల ఇంకో లాభం, ఎక్కడైనా దెబ్బ తగిలితే ఆ కిరణం తెగినట్టు కనిపిస్తుంది.

మింట్‌లోనే వచ్చే లోపాలు ఇంకా ఉన్నాయి. డైలో గ్రీజు పేరుకుంటే అక్షరం సగం మాయమైనట్టు వస్తుంది, దారప్పోగు మధ్యలో పడితే పురుగు పాకిన దారిలా గుంట పడుతుంది, డై పగిలితే ఉబ్బిన వంకర గీత. ఈగల్ మీద నడిచే లిబర్టీ అనే ఆడ బొమ్మ చేతి దగ్గర, తల దగ్గర ముద్ర సరిగ్గా పడిందా చూడండి. ఆ తర్వాత చేతుల్లో, పెట్టెల్లో వచ్చేవి: ఇంకో కాయిన్ అంచు తగిలి పడే చిన్న నొక్కు, అంచు మీద సొట్ట, వేలిముద్ర. మేపుల్ మీద రాజు గానీ రాణి గానీ చెంప, ముఖం ముందు ఖాళీ జాగా నున్నగా ఉంటాయి కాబట్టి చిన్న నొక్కు కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అదే నొక్కు ఈగల్ మీద చీర మడతల్లాంటి ఆ గౌను ముడతల్లో కలిసిపోతుంది. ఫిల్హార్మోనిక్ వెండి కాయిన్ అంచుకి పళ్ళుండవు, నున్నటి అంచు, అక్కడ సొట్ట దాక్కోలేదు.

పాల మచ్చల దగ్గరికొద్దాం. బిళ్ళల్ని కడిగే మందు పూర్తిగా పోకుండా కొంచెం మిగిలి, తర్వాత బిళ్ళని మెత్తబరచడానికి కొలిమిలో వేడి చేసినప్పుడు అది వెండి పైపొరలో కాలి పట్టేస్తుంది అని దీనికి ఎక్కువగా చెప్పే కారణం. కొట్టిన రోజు కనపడదు, నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత బయటపడుతుంది, మీరు క్యాప్సూల్ అనే ప్లాస్టిక్ డబ్బీలో పెట్టినా సీల్ చేసినా ఆగదు, ఎందుకంటే జబ్బు లోపలే ఉంది. మేపుల్స్‌కి ఈ పేరు బాగా పడింది, అందుకే రాయల్ కెనడియన్ మింట్ 2018 నుంచి మింట్‌షీల్డ్ అనే రక్షణ పద్ధతి తెచ్చింది. కాబట్టి 2018కి ముందు మేపుల్ కొంటే మచ్చ రావచ్చని ముందే మనసులో అనుకుని కొనండి. అసిటోన్ అనే ద్రావకంతో పోదు, రబ్బరుతో రుద్దితే మచ్చ పోయిన చోట మెరుపు కూడా పోతుంది. నేను ఎమ్‌ఎస్ 70, అంటే అన్నిటికన్నా పై గ్రేడ్ అని గ్రేడింగ్ కంపెనీ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు వేసిన మేపుల్ ఒకటి మంచి రేటు పెట్టి కొన్నా, రెండేళ్ళకి సీలు లోపలే రాణి చెంప మీద మినపగింజంత మచ్చ తేలింది, అది చూసినప్పుడు నిజంగా ప్రాణం ఉసూరుమంది. అలా తర్వాత వచ్చే మచ్చలకి గ్రేడింగ్ గ్యారంటీలు మామూలుగా వర్తించవు, షరతులు చదివే కొనండి.

గ్రేడ్ అంటే 1 నుంచి 70 దాకా ఉండే షెల్డన్ స్కేల్. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన పాత అమెరికా సెంట్ల కోసం పెట్టిన లెక్క ఇది, 1980ల్లో వచ్చిన పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే కంపెనీలు దీన్నే అన్నిటికీ వాడుతున్నాయి. 60 నుంచి 70 మధ్య ఉన్నవి వాడని కాయిన్లు, వాటికి ముందు ఎమ్‌ఎస్ అని రాస్తారు, ప్రూఫ్‌కి పీఎఫ్ గానీ పీఆర్ గానీ. ఎన్‌జీసీ ప్రకారం 70 అంటే ఐదు రెట్ల భూతద్దంలో చూసినా తయారీ తర్వాత పడ్డ లోపం ఒక్కటీ కనపడకూడదు. 69 అంటే వెతికితే గానీ దొరకని చిన్న లోపం. కొత్త ఈగల్స్‌లో 69 మామూలే, దానికి పెద్దగా ఎక్కువ ఇవ్వక్కర్లేదు. 69కీ 70కీ మధ్య డబ్బు తేడా పెద్దది, కంటికి తేడా మాత్రం చాలాసార్లు సూదిమొనంత, అదే కాయిన్ మళ్ళీ పంపిస్తే ఇంకో నంబర్ రావడం కూడా ఉంది. ఇక లేబుల్ మీద ఫస్ట్ స్ట్రైక్, ఎర్లీ రిలీజెస్ అని ఉంటే ముందు కొట్టినవని కాదు, విడుదలైన మొదటి 30 రోజుల్లో చేరినవని, దాన్ని చూసి డబ్బు పెంచకండి.

శుభ్రం చేయడం గురించి మాత్రం గట్టిగా చెప్తా. మా అమ్మ నా దగ్గరికొచ్చినప్పుడు దీపావళికి లక్ష్మీపూజలో ఒక ఈగల్ పెట్టింది, పసుపూ కుంకుమా పెట్టి పూజ అయ్యాక, ఇంట్లో వెండి కుంది తోమినట్టే విభూతితో, పళ్ళపొడితో శుభ్రంగా తోమి తళతళలాడించి ఇచ్చింది. ఆవిడ తప్పేం లేదు, మన వెండి సామానుకి అదే పద్ధతి. కానీ ల్యాంప్ కింద పెడితే కాయిన్ నిండా గుండ్రంగా తిరిగిన సన్న గీతలు, అక్షరాల మీదుగా ఎక్కి దిగినవి, మింట్ మెరుపు చచ్చిపోయింది. అలాంటిదాన్ని గ్రేడింగ్‌కి పంపితే నంబర్ రాదు, "డీటైల్స్, క్లీన్డ్", అంటే తోమిన కాయిన్ అని వస్తుంది. పూజకి వేరే కాయిన్ ఒకటి పెట్టుకోండి, గ్రేడ్ కోసం దాచేదాన్ని తాకనివ్వకండి. చింతపండు, అల్యూమినియం రేకూ వంటసోడా, దుకాణాల్లో దొరికే డిప్ అనే ముంచే మందు, ఏదీ వద్దు. నలుపెక్కడం అంటే గాల్లో గంధకంతో వెండి కలవడం, అది సహజం, ఇంద్రధనస్సు రంగుల్లో వస్తే ఎక్కువ ఇచ్చి కొనేవాళ్ళున్నారు. ఒక్క మెత్తటి ప్లాస్టిక్ కవర్ల నుంచి వచ్చే ఆకుపచ్చ జిగురు మాత్రం వదలకూడదు, దానికి స్వచ్ఛమైన అసిటోన్, నెయిల్ పాలిష్ రిమూవర్ కాదు, గాజు గిన్నెలో పోసి కాయిన్ ముంచి రుద్దకుండా తీసి ఆరబెట్టాలి, కిటికీలు తెరిచి, పొయ్యి దరిదాపుల్లో లేకుండా. దాచేటప్పుడు రబ్బరు బ్యాండ్లు, న్యూస్‌పేపర్ దగ్గర పెట్టకండి, వాటిలో గంధకం ఉంటుంది. ఈగల్‌కి 40.6 మిల్లీమీటర్ల క్యాప్సూల్, మేపుల్‌కి 38, వదులుగా ఉంటే లోపల కదిలి గీతలు పడతాయి.

దొంగ కాయిన్ల సంగతి కొంచెం. బరువు, వెడల్పు, మందం మూడూ కలిపి చూడండి, వెండి సాంద్రత 10.49 కాబట్టి మూడూ ఒకేసారి దొంగ లోహంతో కుదరడం కష్టం. 2021లో వచ్చిన కొత్త రకం ఈగల్‌కి అంచు పళ్ళలో ఒక పన్ను కావాలనే వదిలేశారు, అది వెతకండి. సీలు డబ్బాలు కూడా దొంగవి వస్తున్నాయి, దాని మీద నంబర్‌ని ఆ కంపెనీ సైట్‌లో కొట్టి ఫొటోతో పోల్చుకోండి.

ఇండియాలో అమ్మాలనుకునేవాళ్ళకి ఒక మాట. మన ఊళ్ళో వెండి కొట్టుకి తీసుకెళ్తే కాటాలో వేస్తాడు, టచ్, అంటే స్వచ్ఛత చూస్తాడు, వెండి రేటు ఇస్తాడు, 70 అని సీలున్నా దానికి పైసా కలపడు. 2012 దాకా వచ్చిన బ్రిటన్ వాళ్ళ బ్రిటానియా కాయిన్లలో వెండి 95.8 శాతమే, టచ్ తక్కువ వచ్చిందని భయపడకండి, మొత్తం బరువు 32.45 గ్రాములు ఉండి అందులో అసలు వెండి ఒక ఔన్స్ సరిపోతుంది.

మా వాడికి చెప్పింది కూడా అదే, నీకు కావాల్సింది బరువా గ్రేడా తేల్చుకో అని. బరువే అన్నాడు. అయితే మచ్చలున్నవే తక్కువకి అడిగి కొనుక్కో, వెండి అంతే ఉంటుంది అన్నా. ఆ నాలుగూ వెనక్కి పంపలేదు, ఫొటో తీసి తేదీ రాసి ట్యూబ్ అడుగున పెట్టాడు, మిగతా 21 బాగానే ఉన్నాయి, వాటిలో మూడింటిని ల్యాంప్ కింద చూసి విడిగా క్యాప్సూళ్ళలో వేసుకున్నాడు.