కప్పుల లెక్కని గ్రాముల్లోకి మార్చుకోవడం ఎలా

రెసిపీలో రెండు కప్పుల మైదా అని ఉంటుంది, మనకేమో తూకం వేసి చేయడం అలవాటు. లేదా 300 గ్రాములు అని ఉంటుంది, ఇంట్లో చూస్తే కప్పు తప్ప ఏమీ లేదు. ఇక్కడే చాలామంది "కప్పంటే పావు కిలోనే కదా" అని వేసేస్తారు. దయచేసి అలా వేయకండి. కప్పు చెప్పేది ఎంత చోటు పడుతుందో, గ్రాములు చెప్పేది ఎంత బరువుందో. ఈ రెండూ ఒకే అంకెలో కలిసేది నీళ్లకే, 1 మిల్లీలీటరు నీళ్లు దాదాపు 1 గ్రాము. అదే 240 మి.లీ. కప్పులో మైదా అయితే సుమారు 125 గ్రాములు, పంచదార 200, నూనె 218, వెన్న 227 తూగుతాయి, తేనె మాత్రం ఏకంగా 340 గ్రాములు.

ముందు మీ కప్పు ఎంతదో తేల్చుకోండి. అమెరికా రెసిపీల్లో కప్పు దాదాపు 240 మి.లీ., ఆస్ట్రేలియాలో 250, జపాన్‌లో 200. టీస్పూన్‌తో గొడవ లేదు, 5 మి.లీ. టేబుల్ స్పూన్ 15 మి.లీ., కానీ ఆస్ట్రేలియాది 20. మీ కప్పు మీద ఏమీ రాసి లేకపోతే ఖాళీ కప్పుని తూకం మీద పెట్టి, సున్నా చేసి, అంచుదాకా నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే అది అన్ని మిల్లీలీటర్ల కప్పు.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది పిండి. కప్పుని నేరుగా డబ్బాలో ముంచి తీస్తే పిండి కూరుకుపోయి 140, ఒక్కోసారి 150 గ్రాములు కూడా వస్తుంది, మూడు కప్పులు అలా వేశారంటే దాదాపు అరకప్పు ఎక్కువ పడిపోయినట్టు, ఇక కేక్ గట్టిగా, పొడిపొడిగా రాక ఏమవుతుంది? పిండిని ముందు స్పూన్‌తో కదిపి వదులు చేయండి, స్పూన్‌తోనే కప్పులోకి వేయండి, తట్టకుండా, నొక్కకుండా చాకు వీపుతో పైన గీసేయండి. బ్రౌన్ షుగర్ దీనికి పూర్తిగా ఉల్టా, దాన్ని నొక్కి నింపాలి.

ఇక లెక్క. గ్రాముల్ని ఒక కప్పు బరువుతో భాగించడమే. 300 గ్రాముల మైదా కావాలంటే 300ని 125తో భాగిస్తే 2.4 కప్పులు. కప్పుకి 16 టేబుల్ స్పూన్లు కాబట్టి ఆ 0.4 అంటే ఆరున్నర స్పూన్లకి కాస్త తక్కువ. మీది 200 మి.లీ. కప్పు అయితే 125ని 200తో గుణించి 240తో భాగించండి, కప్పుకి 104 గ్రాములు.

నా మాట వింటే ఒక్కరోజు కూర్చుని మీరు రోజూ వాడే పదార్థాలన్నీ మీ కప్పుతోనే మూడేసి సార్లు తూచి, సగటు రాసి అల్మారా తలుపు లోపల అంటించుకోండి. నెట్‌లో దొరికే ఏ పట్టిక కంటే అదే బాగా పనికొస్తుంది, ఎందుకంటే అందులో ఉన్నది మీ కప్పు, మీ చేతివాటం.

ఔన్సుల దగ్గర కూడా జాగ్రత్త: బరువు ఔన్స్ 28 గ్రాములు, ద్రవాల ఔన్స్ దాదాపు 30 మి.లీ., రెండూ వేరు.

బేకింగ్ పౌడర్, ఈస్ట్ లాంటివి 2, 3 గ్రాములే కావాలంటే మాత్రం స్పూన్‌నే నమ్మండి, మామూలు వంటింటి తూకం అంత చిన్న బరువుని సరిగా పట్టుకోలేదు. ఉప్పు కూడా స్పూన్‌తోనే, కాకపోతే మెత్తటిది టీస్పూన్‌కి 6 గ్రాములుంటే పెద్ద పలుకులది అందులో సగమే ఉండొచ్చు, అందుకని రెసిపీలో ఏ ఉప్పు అన్నారో చూసి వేయండి.