అమెరికా ఎలక్షన్లో మూడో క్యాండిడేట్ సీరియస్సా ఉత్తుత్తా, డబ్బు లెక్క చూసి మీరే తేల్చుకోవడం ఎలాగంటే

మన గోదావరి జిల్లాల్లో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు కాబట్టి అక్కడ ఎలక్షన్ అంటే భీమవరంలో, తణుకులో, అమలాపురంలో కూడా మన అసెంబ్లీ ఎలక్షనంత హడావిడి అయిపోతోందండి, 2024లో అయితే ట్రంప్ పక్కన వైస్ ప్రెసిడెంట్‌కి నిలబడ్డ జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ గారి పూర్వీకుల ఊరని తణుకు దగ్గర వడ్లూరులో పూజలు కూడా చేశారు. దాంతోపాటే వాట్సాప్‌లో ఒక రకం మెసేజ్‌లు మొదలవుతాయి, ఈసారి మూడో పార్టీ వచ్చేస్తోందంట, ఇన్ని మిలియన్లు పోగయ్యాయంట, ఆ రెండు పెద్ద పార్టీల (డెమోక్రాట్లు, రిపబ్లికన్లు) పని అయిపోయిందంట అని. అది నిజమో కాదో ఎవర్నీ అడక్కర్లేదు, అక్కడి చందాల లెక్కలు చాలావరకు గవర్నమెంట్ సైట్‌లో ఫ్రీగా పెట్టేస్తారు, మీరే ఫోన్లో చూసుకోవచ్చు. కాకపోతే ఏది ముందు చూడాలి, ఏది వెనక చూడాలి అన్నది తెలియాలి, అదే రాస్తున్నా.

ముందు మన బుర్రలో ఉన్న లెక్కని తిరగేయాలి. మన దగ్గర క్యాండిడేట్ పెట్టే ఖర్చుకి లిమిట్ ఉంది, అసెంబ్లీకి 40 లక్షలు, పార్లమెంటుకి 95 లక్షలు (కాగితం మీద అండి, కాగితం మీద). అమెరికాలో దీనికి ఉల్టా. ఖర్చు ఎంతైనా పెట్టుకోవచ్చు, కట్టడి అంతా చందా ఇచ్చేవాళ్ళ మీదే. 1976లో బక్లీ వర్సెస్ వలేయో అని ఒక కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఈ గీత గీసింది, చందాకి లిమిట్ పెట్టొచ్చు గానీ ఖర్చుకి పెట్టకూడదు, క్యాండిడేట్ సొంత డబ్బుకి అసలే పెట్టకూడదు అని. అందుకే ఇప్పుడు ఒక మనిషి ఒక క్యాండిడేట్‌కి ఒక ఎలక్షన్‌కి ఇవ్వగలిగింది 3,500 డాలర్లు, ప్రైమరీ (పార్టీ తన క్యాండిడేట్‌ని ఎంచుకునే ఎలక్షన్) వేరు, జనరల్ (అసలు ఎలక్షన్) వేరు కాబట్టి రెండూ కలిపి 7,000 (ఇది 2025-26 లెక్క, రెండేళ్ళకోసారి పెంచుతారు). అదే క్యాండిడేట్ మాత్రం సొంత జేబులోంచి వంద కోట్ల డాలర్లు తీసినా అడిగేవాడు లేడు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మూడో క్యాండిడేట్లు ఎక్కువగా కోటీశ్వరులో, లేకపోతే కోటీశ్వరుల్ని పక్కన పెట్టుకున్నవాళ్ళో ఎందుకవుతారో అర్థమైపోతుంది. 1992లో మూడో క్యాండిడేట్‌గా దిగిన రాస్ పెరో అనే వ్యాపారి సొంత డబ్బు 6 కోట్ల డాలర్ల పైనే పోశాడు. 2024లో ఇండిపెండెంట్‌గా దిగిన రాబర్ట్ కెన్నెడీ జూనియర్ తన వైస్ ప్రెసిడెంట్ క్యాండిడేట్‌గా నికోల్ షానహాన్ అనే బాగా డబ్బున్నావిడని పెట్టుకున్నాడు, ఆవిడ కూడా టికెట్‌లో ఉన్నట్టే కాబట్టి ఆవిడ డబ్బుకీ లిమిట్ లేదు, మిలియన్లు పెట్టింది కూడా.

సరే, మెసేజ్ వచ్చింది, ఫలానా మూడో క్యాండిడేట్‌కి ఇంత డబ్బు వచ్చిందని. అప్పుడు డబ్బు చూడకండి. ముందు ఎన్ని రాష్ట్రాల్లో ఆయన పేరు బ్యాలెట్ మీద ఉందో చూడండి, ఎందుకంటే వచ్చిన డబ్బులో సగం ప్రాణం అక్కడే పోతుంది. మన దగ్గర ఇండిపెండెంట్‌గా పార్లమెంటుకి నిలబడాలంటే 10 మంది ప్రపోజర్లు, 25,000 డిపాజిట్, అయిపోయింది, అందుకే ఒక్కోసారి ఈవీఎమ్‌లు రెండు మూడు పెట్టాల్సొస్తుంది. అక్కడ దేశం మొత్తానికి కలిపి నామినేషన్ తీసుకునే ఆఫీసే లేదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం రూలు. టెన్నెసీలో 275 సంతకాలతో అయిపోతుంది, టెక్సాస్‌లో 2024లో ఇండిపెండెంట్‌కి 1,13,151 సంతకాలు కావాలి, అదీ ఆ ఏడాది ప్రైమరీలో ఓటేయని వాళ్ళవే చెల్లుతాయి. న్యూయార్క్‌లో ఆరు వారాల్లో 45,000. ఇన్ని సంతకాలు అభిమానులతో అవ్వవు, సంతకానికింత అని డబ్బిచ్చి మనుషుల్ని పెట్టాలి, కొట్టేసేవి ఎలాగూ ఉంటాయి కాబట్టి కావాల్సినదానికంటే బాగా ఎక్కువ పోగెయ్యాలి.

పోగేసాక అసలు తంతు మొదలవుతుంది. పెద్ద పార్టీల లాయర్లు వచ్చి ఈ సంతకం చెల్లదు, ఈ అడ్రస్ తప్పు అని కోర్టుకెక్కుతారు. కెన్నెడీ న్యూయార్క్‌లో సంతకాలు బోల్డన్ని తెచ్చాడు, కానీ కాగితాల్లో రాసిన ఇంటి అడ్రస్‌లో ఆయన నిజంగా ఉండట్లేదని జడ్జి పేరు తీసేశారు. నెవాడాలో గ్రీన్ పార్టీ అనే చిన్న పార్టీ వాళ్ళది ఇంకా ఘోరమండి, అక్కడి ఎలక్షన్ ఆఫీసే వాళ్ళకి ఒక ఫారానికి బదులు ఇంకో ఫారం పంపింది, వీళ్ళు పాపం దాని మీదే సంతకాలన్నీ పెట్టించారు, తీరా డెమోక్రాట్లు కేసు వేస్తే ఫారం తప్పని కోర్టు పేరు కొట్టేసింది, సుప్రీంకోర్టు కూడా కలగజేసుకోలేదు. మన ఎమ్మార్వో ఆఫీసులో తప్పు ఫారం ఇచ్చి మళ్ళీ మననే తిప్పినట్టు ఉంది కదా. కాబట్టి పేరు ఎక్కిందా అన్నది ఒక్కసారి చూసి వదిలేయకుండా ఆగస్టు, సెప్టెంబర్‌లో మళ్ళీ చూడాలి.

చూసేటప్పుడు ఒక కాగితం తీసుకోండి. పేరు ఉన్న రాష్ట్రాలు రాసి, ఒక్కో దాని ఎలక్టోరల్ ఓట్లు (ప్రెసిడెంట్‌ని తేల్చడానికి ఒక్కో రాష్ట్రానికి ఇన్ని అని ఉండే ఓట్లు) పక్కన వేసి కూడండి. మొత్తం 538, గెలవాలంటే 270. మీ కూడిక 270 దాటకపోతే ఎన్ని మిలియన్లు వచ్చినా ఆ మనిషి సూటిగా గెలిచే దారి లేదు, అక్కడితో ఆపేయొచ్చు. దాటినా సంబరపడక్కర్లేదు, ఎందుకంటే 48 రాష్ట్రాల్లో ఫస్టొచ్చినవాడికే ఆ రాష్ట్రం మొత్తం పోతుంది (మెయిన్, నెబ్రాస్కా మాత్రమే వేరు). పెరోకి 1992లో దేశం మొత్తం మీద దాదాపు 19 శాతం ఓట్లు వచ్చాయి, ఎలక్టోరల్ ఓట్లు మాత్రం సున్నా. 1968లో ఇంకో మూడో క్యాండిడేట్ జార్జ్ వాలెస్‌కి అంతకంటే తక్కువ, 13.5 శాతమే, అయినా 46 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి, ఎందుకంటే ఆయన ఓట్లు దక్షిణాది రాష్ట్రాల్లో ఒకేచోట గుట్టగా ఉన్నాయి. ఇది మనకి కొత్తగా చెప్పక్కర్లేదు కదండీ. 2009లో ప్రజారాజ్యానికి 16 శాతం దాకా ఓట్లు వచ్చి 294లో 18 సీట్లే వచ్చాయి, చిరంజీవి గారే మన పాలకొల్లులో ఓడిపోయారు. 2019లో జనసేనకి రాజోలు ఒక్కటే దక్కింది, పవన్ కళ్యాణ్ గారు భీమవరంలో ఓడారు. అదే 2024లో పొత్తు పెట్టుకుని 21 చోట్ల నిలబడితే 21కి 21. అమెరికాలో ప్రెసిడెంట్ ఎలక్షన్లో ఆ పొత్తు సీట్ల సర్దుబాటు లాంటిది లేదు, ఉన్నదల్లా ఆఖర్లో తప్పుకుని ఎవరో ఒకరికి మద్దతివ్వడమే. కెన్నెడీ ఆగస్టు 2024లో ట్రంప్‌కి అలాగే ఇచ్చాడు, తీరా విస్కాన్సిన్, మిషిగన్‌లలో పేరు తీసేయమంటే తీయడం కుదరదన్నారు, ఎక్కించడానికి ఒక ఖర్చు, దింపడానికి ఇంకో ఖర్చు.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. ఎఫ్ఈసీ అని, అంటే ఫెడరల్ ఎలక్షన్ కమిషన్, పేరు మన ఎలక్షన్ కమిషన్ లాగే ఉంటుంది గానీ అది ఎలక్షన్ జరిపేది కాదు, డబ్బు లెక్కలు చూసేది మాత్రమే. వాళ్ళ సైట్ ఎఫ్ఈసీ డాట్ గవ్. అందులో క్యాండిడేట్ పేరు కొడితే వచ్చే పేజీలో ఫైనాన్షియల్ సమ్మరీ ఉంటుంది. మొత్తం ఎంత వచ్చింది అన్న పెద్ద అంకె పైనే కనిపిస్తుంది, వాట్సాప్‌లో తిరిగేది అదే, దాన్ని వదిలేయండి. కింద మూడు చూడండి. ఒకటి ఎండింగ్ క్యాష్ ఆన్ హ్యాండ్, అంటే ఆ తేదీకి చేతిలో మిగిలింది. దాని పక్కనే అప్పులు. వచ్చింది ఎంతైనా, చేతిలో ఉన్నదానికంటే అప్పు ఎక్కువ ఉంటే ఆ క్యాంపెయిన్ కథ కంచికి పోతున్నట్టే. మూడోది క్యాండిడేట్ సొంతంగా ఇచ్చింది, అప్పుగా ఇచ్చింది ఎంత, జనం ఇచ్చింది ఎంత. జనం ఇచ్చిన దాంట్లో మళ్ళీ ఐటమైజ్డ్, అన్ఐటమైజ్డ్ అని రెండు ఉంటాయి, 200 డాలర్లు దాటి ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు, ఉద్యోగం, కంపెనీ విడిగా రాయాలి, అంతలోపు ఇచ్చినవాళ్ళది గంపగుత్తగా ఒకే అంకె. నా మటుకు నేను ముందు ఆ చిల్లర అంకెనే చూస్తాను, పది ఇరవై డాలర్లు ఇచ్చేవాడు ఓటు కూడా వేస్తాడు, మళ్ళీ వచ్చే నెలా ఇస్తాడు, 7,000 ఇచ్చేసినవాడు ఆ ఎలక్షన్‌కి ఇంకొక్క డాలర్ ఇవ్వలేడు.

అక్కడితో లెక్క పూర్తయిందనుకుంటే మాత్రం బోల్తా పడతారు, ఎందుకంటే అసలు పెద్ద డబ్బు క్యాండిడేట్ అకౌంట్లోకి రాదు, సూపర్ ప్యాక్‌కి, అంటే క్యాండిడేట్ కోసం బయట నుంచి ప్రచారం చేసే కమిటీకి పోతుంది. 2010లో సిటిజన్స్ యునైటెడ్ తీర్పు, దాని వెంటనే స్పీచ్‌నౌ తీర్పు వచ్చాక ఇవి పుట్టాయి, క్యాండిడేట్‌తో కలిసి ప్లాన్ చెయ్యకూడదు అన్న షరతు మీద ఎంతైనా తీసుకోవచ్చు ఎంతైనా ఖర్చు పెట్టొచ్చు. వీటి లెక్క కూడా అదే సైట్లో ఉంటుంది, సూపర్ ప్యాక్ పేరు కొట్టి రిసీట్స్‌లోకి వెళ్ళి పెద్ద అంకె పైన వచ్చేలా సార్ట్ చెయ్యండి, మొదటి అయిదు పేర్లు చూస్తే చాలు. ఉదాహరణకి 2024లో కెన్నెడీకి పనిచేసిన అమెరికన్ వాల్యూస్ 2024 తీసుకోండి, పైన టిమొతీ మెల్లన్ అనే పేరు కనిపిస్తుంది, మొత్తం రెండున్నర కోట్ల డాలర్లు. అదే పేరుని ఇండివిడ్యువల్ కాంట్రిబ్యూషన్స్‌లో విడిగా వెతికితే ట్రంప్ సూపర్ ప్యాక్ మాగా ఇంక్‌కి 2024 మే 31న, ట్రంప్ మీద న్యూయార్క్ కోర్టు తీర్పు వచ్చిన మర్నాడే, ఒక్క దెబ్బలో 5 కోట్ల డాలర్లు ఇచ్చినట్టు కనిపిస్తుంది. ఒకే మనిషి ఇటూ ఇచ్చాడు, అటు ఇంకా చాలా ఎక్కువ ఇచ్చాడు. ఎందుకిచ్చాడో ఆయన మనసులో దూరి మనం చెప్పలేం గానీ మూడో క్యాండిడేట్‌కి డబ్బిచ్చినవాళ్ళు పెద్ద పార్టీల్లో ఎవరికి ఇస్తున్నారో చూస్తే, ఈయన ఎవరి ఓట్లు చీలుస్తాడని వాళ్ళు లెక్కేసుకుంటున్నారో మీకు ఒక అంచనా వస్తుంది. ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చే చెక్ ఇదేనండి. ఇచ్చినవాళ్ళ జాబితాలో మనిషి పేరు బదులు ఏదో సొసైటీ పేరో ఫండ్ పేరో ఉంటే ఆ వెనక ఎవరున్నారో చాలాసార్లు దొరకదు, వాటినే డార్క్ మనీ అంటారు, అక్కడ తలకొట్టుకోకుండా ముందుకెళ్ళిపోండి.

సూపర్ ప్యాక్ డబ్బుని క్యాండిడేట్ డబ్బుతో కలిపి కూడకండి కూడా. జనరల్ ఎలక్షన్‌కి ముందు 60 రోజులు టీవీ, రేడియో స్టేషన్లు క్యాండిడేట్‌కి తమ దగ్గరున్న అతి తక్కువ రేటుకి యాడ్ వెయ్యాలి, అది రూలు. సూపర్ ప్యాక్‌కి ఆ రూలు లేదు, ఆ వారాల్లో గిరాకీ ఎంతుంటే అంత గుంజుతారు. కాబట్టి సూపర్ ప్యాక్ దగ్గర మిలియన్ అంటే క్యాండిడేట్ చేతిలో మిలియన్ అంత పని చెయ్యదు.

ఇంకో మాట, 5 శాతం. గెలవని క్యాండిడేట్‌కి ఓటెందుకు అని అడిగితే చిన్న పార్టీల వాళ్ళు దీన్నే చెప్తారు. అక్కడ ట్యాక్స్ రిటర్న్‌లో 3 డాలర్ల గడి ఒకటి ఉంటుంది, టిక్ పెడితే ఆ 3 డాలర్లు ప్రెసిడెంట్ ఎలక్షన్ ఫండ్‌కి వెళ్తాయి, మనం ఎక్స్‌ట్రా కట్టేది ఏమీ లేదు. ఒక పార్టీ క్యాండిడేట్‌కి 5 శాతం ఓట్లు వస్తే వచ్చే ఎలక్షన్లో ఆ పార్టీకి ఆ ఫండ్‌లోంచి వాటా ఇస్తారు. పెరో 1996లో 8.4 శాతం తెచ్చుకున్నాడు కాబట్టి 2000లో ఆయన రిఫార్మ్ పార్టీ తరపున నిలబడ్డ పాట్ బుకానన్‌కి 1.26 కోట్ల డాలర్లు వచ్చాయి, తెచ్చుకున్న ఓట్లు అర శాతం లోపే, ఆ పార్టీ అక్కడితో సరి. అదే 2000లో గ్రీన్ పార్టీ క్యాండిడేట్ రాల్ఫ్ నేడర్ ఈ 5 శాతం కోసమే తిరిగాడు, 2.7 దగ్గర ఆగిపోయాడు, ఫ్లోరిడాలో ఆయనకి 97,488 ఓట్లు వస్తే బుష్ అక్కడ గెలిచింది 537 ఓట్లతో. పెద్ద పార్టీలు ఈ ఫండ్ ఎప్పుడో వదిలేశాయి, 2008లో ఒబామా వద్దన్నాడు, అప్పుడు తీసుకున్న ఆయన ప్రత్యర్థి మెకెయిన్‌కి 8.4 కోట్లే దక్కాయి, అది తీసుకుంటే ఖర్చుకి లిమిట్ పడుతుంది కాబట్టి తర్వాత జనరల్ ఎలక్షన్‌కి మెయిన్ పార్టీల క్యాండిడేట్లెవరూ ముట్టలేదు.

ఎప్పుడెప్పుడు చూడాలంటే, పెద్ద ప్రెసిడెంట్ క్యాంపెయిన్లు ఎలక్షన్ ఏడాదిలో నెలనెలా 20వ తేదీకి అంతకుముందు నెల లెక్క వేస్తాయి, కాబట్టి 21న సాయంత్రం కాఫీ తాగుతూ చూడండి. ఎలక్షన్‌కి 12 రోజుల ముందు ఇంకోటి వస్తుంది. ఆ తర్వాత పెద్ద చందాలైతే 48 గంటల్లో నోటీసులు వేస్తారు గానీ పూర్తి లెక్క మాత్రం ఎలక్షన్ అయ్యాకే.

ఇక మన పిల్లల సంగతి, ఇది మాత్రం కచ్చితంగా చెప్పండి వాళ్ళకి. హెచ్‌వన్‌బీ మీద, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు చందా ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు, మూడో పార్టీ అయినా పెద్ద పార్టీ అయినా, మన తెలుగు క్యాండిడేట్ స్కూల్ బోర్డుకి నిలబడ్డా సరే. సిటిజన్లు, గ్రీన్ కార్డ్ వాళ్ళు మాత్రమే ఇవ్వొచ్చు. గ్రీన్ కార్డ్ ఉన్న అబ్బాయికి ఇక్కడ నాన్నగారు పాలకొల్లు నుంచి డబ్బు పంపించి నీ పేరు మీద కట్టరా, మనవాడే కదా అంటే అది రెండు తప్పులు, ఒకటి ఫారిన్ డబ్బు, రెండోది ఇంకొకరి పేరు మీద ఇవ్వడం, రెండిటికీ కేసులు పెడతారు. డిన్నర్‌కి పిలిచి అందరి దగ్గరా క్యాష్ పోగేసి ఒకరి కార్డు మీద గీకేసినా అదే తప్పు కిందకొస్తుంది, క్యాష్‌గా అయితే 100 డాలర్లు దాటకూడదు. ఆన్‌లైన్లో కట్టేటప్పుడు నేను సిటిజన్ లేదా గ్రీన్ కార్డ్ హోల్డర్‌ని, ఇది నా సొంత డబ్బే అని గడి ఉంటుంది, చూడకుండా టిక్ పెట్టేయకండి. తెలీక ఇచ్చేసినవాళ్ళు ఉంటే ఆ క్యాంపెయిన్ ట్రెజరర్‌కి మెయిల్ పెట్టి రీఫండ్ అడగాలి, వీసా స్టేటస్ రాసి, కట్టిన తేదీ, రసీదు జతచేసి.