లిపిడ్ పొరతో కణం నమూనా: ఎలక్ట్రోఫార్మేషన్ పద్ధతి

ఈ పద్ధతిలో కరెంటు సాయంతో, కణాన్ని పోలిన లిపిడ్ (కొవ్వు జాతి పదార్థం) సంచులను పెంచుతాం. పీఓపీసీ అనే లిపిడ్‌ను క్లోరోఫాంలో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున కరిగించండి. ఐటీఓ (కరెంటు పారే ఇండియం టిన్ ఆక్సైడ్ పూత) గాజు పలకలో కరెంటు పారే వైపును మల్టీమీటరుతో గుర్తించి, దానిపై ఈ ద్రావణం 10 మైక్రోలీటర్లు పలుచగా పరచండి. గాజు సిరంజీయే వాడాలి. క్లోరోఫాం ప్లాస్టిక్‌ను కరిగించి పొరలో కలిపేస్తుంది. వ్యాక్యూమ్‌లో 2 గంటలు ఆరనివ్వండి.

రెండు పలకల మధ్య 2 మిల్లీమీటర్ల సిలికాన్ స్పేసర్ (ఎడం ఉంచే ముక్క) పెట్టి, 300 మిల్లీమోలార్ సుక్రోజ్‌ను గాలి బుడగ లేకుండా నింపండి. 10 హెర్ట్జ్, 1 వోల్టు ఏసీ 2 గంటలు ఇవ్వండి. చివర్లో అరగంట 2 హెర్ట్జ్‌కు దించితే సంచులు పలకను వదులుతాయి.

సంచులు రాకపోతే ముందు లిపిడ్ పొర మందాన్నే అనుమానించండి. ఉప్పున్న బఫర్ కూడా వీటిని ఎదగనివ్వదు. పీఓపీసీ బదులు డీపీపీసీ అనే లిపిడ్ అయితే 41 డిగ్రీల పైన ఉంచాల్సిందే.

సంచులను చూడటానికి గ్లూకోజ్ ద్రావణంలో కలపండి. లోపలి, బయటి ద్రావణాల ఆస్మోలారిటీ (కరిగిన కణాల మొత్తం గాఢత) సమానంగా ఉండాలి. బయటి ద్రావణం పలచనైతే సంచులు ఉబ్బి పగులుతాయి, చిక్కనైతే ముడుచుకుంటాయి.