ఎండలు ముదరకముందే గౌట్ ఉన్నవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

గౌట్ అంటే ఒంట్లో తయారయ్యే యూరిక్ యాసిడ్ అనే వ్యర్థం ఎక్కువై, కీళ్లలో పేరుకుని వచ్చే కీళ్ల జబ్బు. ఇది ఉన్నవాళ్లకు ఎండాకాలం గడ్డుకాలం. చెమటతో ఒంట్లో నీరు పోతుంది, మూత్రం తగ్గుతుంది, రక్తంలో యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. పగలంతా ఎండలో తిరిగి, సరిగా నీళ్లు తాగకుండా పడుకున్న రోజున అర్ధరాత్రి దాటాక కాలి బొటనవేలి మొదట్లో సలుపు మొదలవుతుంది. తెల్లారేసరికి ఆ చోటు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినంత పనవుతుంది. అప్పుడు పరుగులు పెట్టే బదులు, నొప్పి లేని ఈ రోజుల్లోనే కొన్ని పనులు చేసి పెట్టుకోండి. గౌట్‌ను అదుపులోకి తెచ్చేది నొప్పి లేనప్పుడు చేసే పనులే.

ముందుగా మీ యూరిక్ యాసిడ్ ఎంత ఉందో తెలుసుకోండి. డెసిలీటరు రక్తంలో 6.8 మి.గ్రా. దాటితే అది కరిగి ఉండలేదు. నీళ్లలో ఉప్పు ఎక్కువైతే అడుగున పేరుకున్నట్టు, కీళ్లలో సూదుల్లాంటి సన్నని స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఒంట్లో మిగతా భాగాలకంటే చల్లగా ఉండే చోట్ల ఇవి తొందరగా కడతాయి కాబట్టి చాలామందికి ముందు కాలి బొటనవేలే దొరికిపోతుంది. ల్యాబ్ రిపోర్టులో 7 దాకా నార్మల్ అని రాసి ఉండొచ్చు. అది చూసి ఊరుకోవద్దు. గౌట్ ఉన్నవాళ్లకు అంకె 6 కంటే తక్కువ ఉండాలి. చెవి అంచున, మోచేతి దగ్గర, వేళ్ల మీద గట్టి గడ్డలు కట్టినవాళ్లకైతే డాక్టర్లు 5 కంటే కిందికి తేవాలని చూస్తారు.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నొప్పి ఉధృతంగా ఉన్న రోజున పరీక్ష చేయిస్తే యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించవచ్చు. అంతమాత్రాన అది గౌట్ కాదని తేల్చుకోకూడదు. నొప్పి పూర్తిగా తగ్గి కనీసం రెండు వారాలు గడిచాక మళ్లీ చూపించుకోవాలి. అదే రక్తంతో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకోండి. ఒంట్లో తయారయ్యే యూరిక్ యాసిడ్‌లో దాదాపు మూడింట రెండు వంతులను బయటికి పంపేది కిడ్నీలే. ఏ మందు ఎంత మోతాదులో వాడాలన్నది కూడా వాటి పనితీరును బట్టే ఉంటుంది.

రిపోర్టు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు వాడే మందులన్నీ వెంట పట్టుకెళ్లండి. బీపీకి, కాళ్ల వాపులకు ఇచ్చే నీటి మాత్రలు చాలావరకు యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసెమైడ్ ఈ కోవలోవే. పైగా అవి ఒంట్లో నీటినీ తగ్గిస్తాయి కాబట్టి ఎండాకాలంలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. బీపీ మందు మార్చే వీలుంటే, యూరిక్ యాసిడ్‌ను కాస్త తగ్గించే లోసార్టాన్ లాంటిది పనికొస్తుందేమో డాక్టరును అడగండి. గుండె కోసం వాడే చిన్న మోతాదు ఆస్పిరిన్ కూడా యూరిక్ యాసిడ్‌ను కొద్దిగా పెంచుతుంది, కానీ దాన్ని మీ అంతట మీరు ఆపేయడం చాలా ప్రమాదం.

యూరిక్ యాసిడ్‌ను తగ్గించే మందులైన అల్లోప్యూరినాల్ గానీ ఫెబుక్సోస్టాట్ గానీ రోజూ వేసుకుంటున్నవాళ్లకు ఒకే మాట: నొప్పి లేదు కదా అని ఆపవద్దు. నొప్పి వచ్చిందని కూడా ఆపవద్దు. ఆపితే కొన్నాళ్లకు యూరిక్ యాసిడ్ మళ్లీ పాత స్థాయికి వస్తుంది, కీళ్లలో స్ఫటికాలు మళ్లీ పేరుకోవడం మొదలవుతుంది.

ఇంకా మొదలుపెట్టనివాళ్లు, ఏడాదికి రెండుసార్లో అంతకంటే ఎక్కువో నొప్పి వస్తుంటే, ఈ విషయం డాక్టరుతో ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది. అల్లోప్యూరినాల్‌ను సాధారణంగా రోజుకు 100 మి.గ్రా. తోనో, కిడ్నీలు బలహీనంగా ఉంటే అంతకంటే తక్కువతోనో మొదలుపెట్టి, కొన్ని వారాలకోసారి పరీక్ష చేస్తూ మెల్లగా పెంచుతారు. మొదటి కొన్ని నెలల్లో నొప్పులు తగ్గకపోగా ఎక్కువ కావచ్చు. పాత స్ఫటికాలు కరగడం మొదలైనప్పుడు అవి కీలులో కదిలి అలా జరుగుతుంది. మందు పడలేదనుకుని ఎంతోమంది సరిగ్గా అప్పుడే మానేస్తారు, నాకు చాలా బాధగా అనిపించే విషయం ఇది. ఆ నొప్పులు రాకుండా 3 నుంచి 6 నెలల పాటు చిన్న మోతాదులో కోల్చిసిన్ అనే గౌట్ వాపు, నొప్పి మందు తోడుగా ఇస్తారు, దాని గురించి ముందే అడిగి తెలుసుకోండి. ఒక హెచ్చరిక: అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన తొలి నెలల్లో ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుళ్లు, జ్వరం కనిపిస్తే మాత్ర వెంటనే ఆపి అదే రోజు డాక్టరును కలవాలి.

తర్వాతి పని, నొప్పి వచ్చిన రాత్రి ఏం వేసుకోవాలో ముందే రాయించుకుని ఆ మాత్రలు ఇంట్లో, ప్రయాణపు సంచిలో పెట్టుకోవడం. మందు ఎంత తొందరగా పడితే అంత బాగా పనిచేస్తుంది. కోల్చిసిన్ అయితే మొదటి 12 గంటల్లోపే మొదలుపెట్టాలి. తగ్గలేదని మీద మీద వేసుకోకూడదు, మోతాదు మించితే అది ప్రాణాంతకం. క్లారిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్‌తో కలిస్తే మామూలు మోతాదు కూడా విషమించవచ్చు. ఇక నాప్రాక్సెన్, ఇండోమెథసిన్ లాంటి నొప్పి మాత్రలు బాగానే పనిచేస్తాయి గానీ, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఎండ దెబ్బ తిన్న రోజున, వాంతులు విరేచనాలు అవుతున్నప్పుడు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్ర అసలు వద్దు. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె బలహీనత ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఏ కాలంలోనైనా వీటికి దూరంగా ఉండటమే మంచిది. అలాంటివాళ్లకు కొద్ది రోజుల పాటు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తుంటారు. షుగర్ ఉంటే ఆ రోజుల్లో దాన్ని తరచూ చూసుకోవాలి.

నీళ్ల విషయానికొస్తే, దాహం వేసేదాకా ఆగకండి. మూత్రం లేత పసుపు రంగులో వస్తుంటే సరిపడా తాగుతున్నట్టే. ముదురు రంగులో ఉంటే తక్కువైనట్టు. గౌట్ నొప్పి రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువగా మొదలవుతుంది కాబట్టి సాయంత్రం నుంచి పడుకునేదాకా తాగే నీళ్లకు విలువ ఎక్కువ. గుండె బలహీనత, ముదిరిన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. దాహానికి తియ్యటి కూల్‌డ్రింకులు, ప్యాకెట్ పళ్లరసాలు తాగితే మేలు కంటే కీడే ఎక్కువ. వాటిలోని ఫ్రక్టోజ్ ఒంట్లో యూరిక్ యాసిడ్ తయారీని పెంచుతుంది. బీరు ఇంకా చెడ్డది, అందులో ఆల్కహాల్‌తో పాటు ప్యూరిన్లు, అంటే ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు, కూడా ఉంటాయి. ఎండ వేడిమికి చల్లగా ఒక బీరు అనే ఆలోచనను ఈ మూడు నెలలూ దగ్గరికి రానివ్వకండి. ఒక్కసారిగా బరువు తగ్గాలని కడుపు మాడ్చుకోవడం కూడా వద్దు. తిండి మానేస్తే ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే కీటోన్లు అనే పదార్థాలు యూరిక్ యాసిడ్‌ను బయటికి పోనివ్వవు. మెల్లగా తగ్గితే మాత్రం లాభమే.

తిండి గురించి అనవసరంగా టెన్షన్ పడేవాళ్లు చాలామంది. తగ్గించాల్సినవి కాలేయం, కిడ్నీ లాంటి లోపలి అవయవాల మాంసం, ఎర్ర మాంసం, రొయ్యలు, కొన్ని రకాల చేపలు. పప్పులు, పాలకూర, పుట్టగొడుగుల్లో ప్యూరిన్లు ఉన్నా, అవి తిన్నవాళ్లకు గౌట్ ఎక్కువైనట్టు పెద్ద అధ్యయనాల్లో కనిపించలేదు. వాటిని మానేసి బలహీనపడొద్దు. వెన్న తీసిన పాలు, పెరుగు మంచివి. అయితే పథ్యం ఎంత కఠినంగా చేసినా యూరిక్ యాసిడ్ సాధారణంగా 1 మి.గ్రా. కి మించి తగ్గదు. 9 లో ఉన్న మనిషి తిండితోనే 6 కి దిగుతాననుకోవడం అయ్యే పని కాదు. పథ్యం పాటించినా నొప్పి వచ్చిందంటే అది మీ తప్పు కాదు. ఈ జబ్బులో వంశపారంపర్యం పాత్ర చాలా ఎక్కువ.

ఇన్ని చేసినా నొప్పి రావచ్చు. వస్తే ముందే రాయించుకున్న మందు వేసుకుని, కాలు దిండు మీద ఎత్తుగా పెట్టి, ఐస్‌ను గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు ఆనించండి. రోజులో కొన్నిసార్లు అలా చేయవచ్చు. వేడి కాపడం, మర్దన వద్దు, వాపు పెరుగుతుంది. దుప్పటి కాలికి తగలకుండా పక్కన ఏదైనా ఎత్తు పెట్టుకోవచ్చు.

కీలు నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, కీలు మీదో దాని దగ్గరో గాయం ఉన్నా, మనిషి బాగా నీరసించిపోయినా అది గౌటేనని ఇంట్లో కూర్చోకండి. కీలులో చీము పట్టినా నొప్పి, వాపు ఇలాగే ఉంటాయి, ఆలస్యమైతే కీలు పాడైపోతుంది. సూదితో కీలులోని నీరు తీసి పరీక్షిస్తేనే ఏదన్నది తేలుతుంది. అందుకని తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లిపోవాలి.