గాగుల్స్ నుదుటి మీదకు నెట్టకండి

పోయిన వారం మా పాత ల్యాబ్ జూనియర్ ఫోన్ చేశాడు. ఫెమ్టోసెకండ్ లేజర్‌తో (అతి చిన్న పల్స్‌లుగా కాంతిని వదిలే లేజర్) రెసిన్ అనే జిగురు ద్రవాన్ని గట్టిపరిచి, వెంట్రుక మందం కూడా లేని లెన్సులు చేసే కుర్రాడు. "అన్నా, ఏ అక్షరం మీద చూపు పెడితే ఆ అక్షరమే కనపడట్లేదు" అన్నాడు. కుడి కంటి రెటీనా మధ్యలో కాలింది. ఎలాగో అడగక్కర్లేదు నాకు. అలైన్‌మెంట్ చేస్తూ, అంటే లేజర్ బీమ్‌ను సరైన దారిలో పెడుతూ, బీమ్ కనపడట్లేదని లేజర్ కాంతిని ఆపే గాగుల్స్ నుదుటి మీదకు నెట్టాడు, ఒక్క నిమిషం.

ఆ ఒక్క నిమిషం గురించే రాస్తున్నాను. 800 నానోమీటర్ల బీమ్ మసక ఎరుపు చుక్కలా కనిపిస్తుంది, ఇంతేనా అనిపిస్తుంది. మన కన్ను ఆ కాంతిని దాదాపు పట్టుకోలేదు కాబట్టే మసక, పవర్ మాత్రం మొత్తం అక్కడే ఉంటుంది. 1030 నానోమీటర్లయితే అసలే కనపడదు, రెప్ప కూడా పడదు. కంటి లెన్స్ మాత్రం దాన్ని తీసుకెళ్లి రెటీనా మీద సూదిమొనంత చోట పోగేస్తుంది. రెటీనాకు నొప్పి తెలియదు.

"నేరుగా బీమ్‌లోకి చూడను కదా" అంటారు. పూత లేని గాజు ఒక్కో ముఖం నుంచి దాదాపు 4 శాతం వెనక్కి కొడుతుంది. 1 వాట్ బీమ్‌లో అది 40 మిల్లీవాట్లు. మామూలు లేజర్ పాయింటర్ 5 మిల్లీవాట్ల లోపే.

బీమ్ వెతకడానికి, కంటికి కనపడని కాంతి పడితే వెలిగే ఐఆర్ కార్డు ఉంది, కెమెరా ఉంది. ముందు పవర్ తగ్గించండి. వేవ్‌ప్లేట్ (కాంతి కంపించే దిశను తిప్పేది), పోలరైజర్‌తో (ఒక దిశ కాంతినే ముందుకు పోనిచ్చేది) తగ్గించినప్పుడు మిగతాది మాయమైపోదు, పోలరైజర్ పక్క నుంచి బయటికి వస్తుంది, దాన్ని పీల్చుకునే బీమ్ డంప్ పెట్టండి.

గాగుల్స్ మీద రాసిన నానోమీటర్లు, ఓడీ (ఆ కాంతిని ఎంత ఆపుతాయో చెప్పే అంకె) చదవండి. 1030 నానోమీటర్ల కాంతిని 515 చేసి వాడే చోట రెండూ కవర్ కావాలి. ఉంగరం, వాచీ తీసేయండి, బీమ్ వాటి మీద పడి తిరిగి కొడుతుంది. కింద పడిన స్క్రూ కోసం వంగే ముందు షట్టర్ మూయండి, వంగితే కన్ను సరిగ్గా బీమ్ ఎత్తుకు వస్తుంది. ఆబ్జెక్టివ్ లెన్స్ విప్పే ముందు కూడా మూయండి. రాత్రి ఒంటరిగా అలైన్‌మెంట్ వద్దు. రెసిన్ చేతికి అంటనివ్వకండి. ఆర్సెనిక్ ఉన్న గాజును ఎగ్జాస్ట్ లేకుండా చెక్కకండి. హెచ్‌ఎఫ్ (హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం)తో గాజును కరిగించే ఎచింగ్ ఉంటే, ఆ ఆమ్లం కాల్చిన చోట రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే చోట లేకుండా సీసా మూత తియ్యకండి. గాగుల్స్ తియ్యకండి. గైడ్ సార్ తీసి చేస్తున్నా మీరు తియ్యకండి. కళ్లలో మెరుపు మెరిసినట్టు అనిపిస్తే, పడుకుని లేస్తే పోతుందని ఆగకుండా ఆ రోజే రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వేవ్‌లెంగ్త్, పవర్, పల్స్ వివరాలు కాగితం మీద రాసుకుని. మావాడు నాలుగు రోజులు ఆగాడు.